గడప ఎత్తు

అప్పయ్య మేస్త్రీ తాపీ తగలని వీధి కోంటాలో దాదాపు లేదు. బస్టాండు వెనక మేడలు, ఆసుపత్రి దారిలో కొట్లు, శబరి నదికి అవతల ఒడిశా పల్లెల్లో కొన్ని ఇళ్లు, ఇటు చింతూరు దాకా ఎన్నో ప్రహరీలు అతను కట్టినవే. పనిలో తొందరపడే మనిషి కాదు. ఇటుక పెట్టి, తాపీ పిడితో తట్టి, ఒక కన్ను మూసి వరస చూసుకుని, నచ్చకపోతే తీసేసి మళ్లీ పెట్టేవాడు. కట్టించుకునేవాళ్లు ముందు విసుక్కున్నా, ఇల్లు పూర్తయ్యాక పదిమందికీ అతని పేరే చెప్పేవాళ్లు.

సొంత ఇల్లు చూస్తే మాత్రం అది మేస్త్రీ ఇల్లని ఎవరూ అనుకోరు. గోడలు తలుపుల ఎత్తు దాటగానే ఆగిపోయాయి. పైన రేకులు, ఆ రేకులు గాలికి లేవకుండా రాళ్లు, పాత టైర్లు. స్తంభాల్లోంచి పైకి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలకు తుప్పు పట్టి, వాన పడ్డప్పుడల్లా ఆ తుప్పు నీళ్లు గోడల మీదికి కారేవి. లోపల మట్టి నేల. సోమమ్మ వారానికోసారి పేడతో అలికేది.

ఆ ఇల్లు అలా మిగిలిపోవాలని ఎవరూ అనుకోలేదు. అప్పయ్య తండ్రి ఎర్రబోరు వైపు పొలాల్లో కూలి చేసినవాడు. అప్పయ్య చిన్నతనంలోనే భద్రాచలం పోయి మాలు కలిపే పనిలో చేరి, మేస్త్రీల పక్కన నిలబడి పని పట్టేసుకుని తిరిగొచ్చాడు. సోమమ్మది చర్ల పక్క పల్లె. పెళ్లికి ముందు భద్రాచలంలో ఒక మెస్సులో వంటకు సాయంగా ఉండేది. రాములవారి కల్యాణం రోజుల్లో వందలమందికి పప్పు, చారు వండిన చెయ్యి. కొలత లేకుండా చారెడు ఉప్పు విసిరితే అది సరిగ్గా సరిపోయేది.

కూతురు నవీన పాకే వయసులో ఉన్నప్పుడు వాళ్లు ఆ స్థలం కొన్నారు. శబరి ఒడ్డు నుంచి పెద్ద రోడ్డు మీదికి ఎక్కే వీధి అది. కింది వీధి అంటారు. వీళ్ల స్థలం వీధి పై చివర్న, రోడ్డుకు దగ్గర. పగలంతా ఊళ్లోవాళ్ల పనికి పోయి, సాయంత్రం వచ్చి ఇద్దరూ సొంత గోడ కట్టుకునేవాళ్లు. సోమమ్మ మాలు కలిపి అందించేది, అప్పయ్య పెట్టేవాడు. పిల్ల ఇసకలో ఆడుకునేది. వీధి వైపు గది సోమమ్మది. అందులో మెస్సు పెట్టాలని ఆమె ఆశ. సుక్మా నుంచి భద్రాచలం పోయే లారీలవాళ్లు, బడి పంతుళ్లు, బస్సు దిగినవాళ్లు తింటారు. పొయ్యి ఎక్కడ రావాలో, పొగ ఎటు పోవాలో, బల్లలు ఎన్ని పడతాయో ఆమె గోడ మీద బొగ్గుతో గీసి పెట్టుకుంది.

గోడలు లేచిన మరుసటి వేసవిలో సర్వేవాళ్లు వచ్చారు. కింద ఆంధ్రలో గోదావరి మీద పెద్ద ఆనకట్ట కడుతున్నారని, అది నిండితే నీళ్లు శబరిలోకి ఎగదన్ని కోంటా దాకా వస్తాయని అప్పటికే అందరూ చెప్పుకుంటున్నారు. వచ్చినవాళ్లు ఒడ్డు పొడుగునా మూడుకాళ్ల యంత్రం పెట్టి చూశారు. నది దగ్గరున్న తునికాకు గోదాము గోడ మీద, మనిషి ఛాతీ ఎత్తున, ఎర్ర రంగుతో అడ్డగీత గీశారు. నీళ్లు వస్తే ఆ ఎత్తున నిలుస్తాయన్నమాట. మునిగే జాగాని అక్కడివాళ్లు హిందీ మాటతో డూబ్ అంటారు. ఆ వేసవి నుంచి కింది వీధిలో పలకరింపే మారిపోయింది. ఎవరు ఎదురైనా ముందు మీ ఇల్లు డూబ్‌లో ఉందా అని అడిగేవాళ్లు.

అప్పయ్య కూడా పోయి సర్వే ఆఫీసరును అడిగాడు. ఇంకా ఏదీ ఖాయం కాలేదని, ఏ ఇల్లు లోపల, ఏది బయట అన్నది పైనుంచి తెలుస్తుందని ఆయన హిందీలో మర్యాదగానే చెప్పాడు. అప్పయ్య ఇంటికొచ్చి తాపీ కడిగి మూల పెట్టాడు.

"తేలిందాక ఆగుదాం సోమీ. నీళ్లల్ల కలిపేటందుకు కట్టుకుంటమా?"

ఎన్నాళ్లు ఆగాలని ఆమె అడిగింది. ఈ వానలు పోనిమ్మన్నాడు. ఆ సంవత్సరానికి రేకులు తెచ్చి గోడల మీద వేశారు. ఆ మాటలో తప్పేమీ లేదు. ఆ వేసవిలో ఆ వీధిలో ఎవరూ సిమెంటు బస్తా కొనలేదు.

ఒక్క దుర్గేశ్ కొన్నాడు. వీధి మధ్యలో అతనిది కిరాణా కొట్టు. నీళ్లొస్తే అప్పయ్య ఇంటికంటే అతని కొట్టుకే ముందొస్తాయి. అయినా కొట్టు మీద స్లాబు వేయిస్తానన్నాడు. ఆ పని అప్పయ్యకే ఇచ్చాడు. అప్పయ్య చువ్వలు కట్టిస్తూ, మునిగే చోట ఇంత ఖర్చెందుకని అడిగితే దుర్గేశ్ నవ్వాడు.

"మునిగినప్పుడు చూద్దాంలే అన్నా. అప్పటిదాక కొట్టు నడవాల గదా."

అప్పయ్యకు ఆ కుర్రాడి మీద జాలేసింది. తెలివి తక్కువ పని చేస్తున్నాడని ఇంటికొచ్చి సోమమ్మతో అన్నాడు కూడా.

వానలు పోయాయి. ఖాయం కాలేదు. మరుసటి ఏడు ఇంకో బృందం వచ్చి ఇళ్లకు అంకెలు వేసి పోయింది. ఆ తర్వాత పట్వారీ మారాడు. ఒకాయన కోంటా అంతా పోతుందన్నాడు, ఇంకొకాయన పొలాలే పోతాయన్నాడు, మరొకరు నది ఒడ్డు పొడుగునా కట్ట పోస్తారు, ఏమీ కాదన్నారు. ఒక్కో మాట ఊళ్లోకి వచ్చినప్పుడల్లా సోమమ్మ భర్త ముఖంలోకి చూసేది. ఈసారి తేలుస్తారంట, అనేవాడు అప్పయ్య. అతను అబద్ధం చెప్పడం లేదు. ప్రతిసారీ నిజంగానే అలా నమ్మాడు.

ఇలా ఒక ఏడు మీద ఇంకొకటి పడ్డాయి. సోమమ్మ పుట్టింటి నుంచి మామిడి మొక్క ఒకటి డబ్బాలో తెచ్చుకుంది. పోయే జాగాలో చెట్టెందుకు అన్నాడు అప్పయ్య. కొన్ని రోజులు డబ్బాలోనే నీళ్లు పోసి, చివరికి ఆ మొక్కను హిడ్మాకిచ్చేసింది. హిడ్మా అప్పయ్య దగ్గర మొదటి నుంచీ పనిచేసే దొర్ల తెగ మనిషి. అతని గుడిసె ముందు అది పెరిగి కాపుకొచ్చింది. వేసవిలో అతను కాయలు తెచ్చి ఇస్తే, ఎట్ల కాస్తోందని ఆమె ఇష్టంగా అడిగి తెలుసుకునేది.

నవీన బడికి పోవడం మొదలుపెట్టాక, పుస్తకాలకు గోడలో ఒక గూడు కట్టివ్వమని తండ్రిని అడిగింది. అప్పయ్య ఊళ్లో ఎన్ని ఇళ్లకు ఎన్ని గూళ్లు పెట్టాడో లెక్క లేదు. కూతురి గడ్డం పట్టుకుని, పోయే ఇంట్ల గూడెందుకు బిడ్డా, కొత్త ఇంట్ల పెద్దది కట్టిస్తనన్నాడు. ఆ పిల్ల పుస్తకాలు సిమెంటు సంచిలో పెట్టుకుని చదువుకుంది. రేకుల మీద వాన పడుతుంటే పక్కనున్న మనిషి మాట వినపడేది కాదు. ఎనిమిదో తరగతికి సుక్మా హాస్టల్‌కు పోతానని తనే అడిగింది. తర్వాత నర్సింగు చదివి గీదంలో ఉద్యోగంలో చేరింది. సెలవుకు వచ్చినప్పుడు బట్టలు సంచిలోంచి తీసుకుని, మళ్లీ సంచిలోనే పెట్టుకునేది. తల్లి అది గమనించింది. తండ్రి గమనించినా గమనించనట్టే ఉండిపోయాడు.

మెస్సు సంగతి సోమమ్మ మర్చిపోలేదు. రేకుల కిందే, మట్టి నేల మీదే మొదలుపెడతానని రెండుమూడుసార్లు అంది. అప్పయ్య ఒప్పుకోలేదు. మేస్త్రీ పెళ్లాం ఇట్లాంటి కొంపలో అన్నం పెడుతోందని నలుగురూ నవ్వుతారన్నాడు. స్లాబు పడనీ, గచ్చు చేయనీ, అప్పుడు దర్జాగా పెడుదువుగాని అన్నాడు. ఈలోగా బస్టాండు దగ్గర ఒక మెస్సు వచ్చింది, తర్వాత ఇంకోటి. సోమమ్మ భర్త వెంట పనికి పోయి ఇసక మోసేది. మధ్యాహ్నం కూలీలకు అన్నం అక్కడి నుంచే తెప్పించేవాళ్లు. ఆమె తిని చెయ్యి కడుక్కునేది.

నవీన ఇంకా ఊళ్లో బడికి పోతున్న రోజుల్లో, ఒకనాటి సాయంత్రం అప్పయ్య వాకిట్లో కూర్చుని లెవెల్ పైపు కడుగుతున్నాడు. మేస్త్రీలకు అది లేనిదే పని సాగదు. పొడుగాటి సన్న ప్లాస్టిక్ గొట్టం, లోపల నీళ్లు. ఒక కొస ఈ గోడ దగ్గర, రెండో కొస అల్లంత దూరాన ఆ గోడ దగ్గర పట్టుకుంటే, మధ్యలో నేల ఎంత మిట్ట పల్లమున్నా రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తున నిలుస్తాయి. అక్కడ గీత గీసుకుంటే సరి. సోమమ్మ బియ్యం ఏరుకుంటూ చాలాసేపు ఆ పైపు వంకే చూసింది.

"అందరి ఇళ్లకూ లెవెల్ పడతవు గదా. ఆ గోదాము గీత నుంచి మనింటికెందుకు పట్టవు? ఉందో లేదో మనకే తెలుస్తది."

అప్పయ్య తలెత్తలేదు. సర్కారు లెవెల్ వేరు, మన పైపు లెవెల్ వేరు అన్నాడు. వాళ్లు యంత్రాలతో చూస్తారు, మనం పట్టి చూసుకుంటే ఎవరు ఒప్పుకుంటారన్నాడు. సోమమ్మ మళ్లీ బియ్యంలోకి చూసుకుంది.

సర్కారు లెవెలైనా, తన పైపు లెవెలైనా నీళ్లకు తేడా లేదని అప్పయ్యకు తెలుసు. తెలిసే ఆ మాటన్నాడు. గీత తన గడపకంటే పైన తేలితే, ఇద్దరూ చెమటోడ్చి ఎత్తిన గోడలు నీళ్లపాలేనని ఒప్పుకోవాలి. కింద తేలితే, ఇన్నాళ్లూ ఊరికే కూర్చున్నామని ఒప్పుకోవాలి. పైగా డూబ్‌లో పడ్డవాళ్లకు వేరే చోట జాగా, పరిహారం ఇస్తారని అందరూ చెప్పుకునేవాళ్లు. అతనికి ఆ ఆశా కొంత ఉంది. చాలా ఏళ్ల తర్వాత, పని మధ్య చెట్టు కింద కూర్చున్నప్పుడు, అతను హిడ్మాతో ఒకే ఒక్క మాట అన్నాడు.

"పట్టి చూస్తే ఏదో ఒకటి తెలుస్తది గదా. అందుకే పట్టలే."

రెండువేల ఇరవై రెండు జూలైలో పెద్ద వరద వచ్చింది. గోదావరి నిండి శబరిని లోపలికి రానివ్వలేదు. కిందికి పోవలసిన నీళ్లు వెనక్కి నడిచొచ్చాయి. కింది వీధి మొత్తం మూటలు కట్టుకుని మెరక మీదున్న బడికి చేరింది. అప్పయ్య, సోమమ్మ కూడా అక్కడే తలదాచుకున్నారు. నీళ్లు తీశాక దిగొస్తే వీధంతా బురద, చచ్చిన కోళ్లు, ఎవరివో చెప్పులు. దుర్గేశ్ కొట్లో మోకాళ్ల పైకి నీళ్లు నిలిచి బియ్యం బస్తాలన్నీ ఉబ్బి కుళ్లిపోయాయి. అప్పయ్య ఇంటి గడప మాత్రం తడవలేదు. రేకుల సందుల్లోంచి కారిన వాననీళ్లు తప్ప లోపల ఇంకేమీ లేవు.

సోమమ్మ గడప మీద చెయ్యి పెట్టి చూసింది. ఆమె ముఖం చాలా రోజుల తర్వాత విప్పారింది. మన ఇంటికి రాలేదు చూశావా అంది. డ్యాము నిండితే ఇంకా పైకొస్తాయంట, అన్నాడు అప్పయ్య. ఎవరన్నారని ఆమె అడిగింది. అందరూ అంటున్నారన్నాడు. గోదాము గోడ మీద బురద మరక ఎర్ర గీతకు పైన ఉందా, కింద ఉందా అని నాలుగడుగులు వేసి చూసి రావచ్చు. అతను పోలేదు. దుర్గేశ్ మాత్రం కొట్టంతా కడిగించి, సున్నం కొట్టించి దసరాకల్లా మళ్లీ తెరిచాడు.

మరుసటి ఏడు వానాకాలంలో సోమమ్మ పడింది. రేకు కింద నుంచి నీళ్లు కారి మట్టి నేల జారుడుగా ఉంది. అన్నం గిన్నె రెండు చేతులా పట్టుకుని వస్తూ జారి, కుడిచెయ్యి కిందికి పెట్టి పడింది. మణికట్టు విరిగింది. ఊళ్లో ఆసుపత్రిలో వెంటనే కట్టు కట్టి, ఎక్స్‌రే తీయించడానికి భద్రాచలం పొమ్మన్నారు. దారిలో వాగు పొంగి రోడ్డు తెగి ఉంది. నీళ్లు తగ్గి, బస్సులు తిరిగి, వాళ్లు అక్కడికి చేరేసరికి ఎముక వంకరగా అతుక్కోవడం మొదలుపెట్టింది. నవీన గీదం నుంచి వచ్చి తల్లి చెయ్యి పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే కదిపించింది. తిరిగి పోయే ముందు, నేల మీద తడిసిన చోటల్లా ఇటుక ముక్కలు పరిచి పోయింది.

చెయ్యి నొప్పి తగ్గింది గాని పట్టు రాలేదు. చెంబెడు నీళ్లు ఎత్తగలదు, బిందె ఎత్తలేదు. గరిటె తిప్పితే మణికట్టు లాగుతుంది. మెస్సు మాట ఆమె తర్వాత ఎన్నడూ ఎత్తలేదు. గోడ మీద బొగ్గు గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి.

మొన్నటి చలికాలంలో ఇంకో సర్వే బృందం వచ్చింది. ఈసారి యంత్రం చిన్నది, కర్ర మీద గొడుగులాంటిది. దాన్ని పట్టుకున్నవాడు రాయపూర్ వైపు కుర్రాడు, నెమ్మదస్తుడు. కూలీలు గోదాము గోడ మీద మాసిపోయిన ఎర్ర గీతకు మళ్లీ రంగు వేస్తుంటే అప్పయ్య పోయి నిలబడ్డాడు. తన ఇల్లు చూపించి, లోపలా బయటా అని అలవాటుగా అడిగాడు. ఏ ఇల్లన్నది తాను చెప్పకూడదని, అది పైనుంచి రావాలని కుర్రాడు అన్నాడు. అప్పయ్య వెనక్కి తిరిగినవాడల్లా ఆగి, ఈ గీత అయినా మారిందా అని అడిగాడు. లేదు చాచా, గీత పాతదే, మొదట ఎక్కడ గీశారో ఇప్పుడూ అక్కడే వేస్తున్నాం అన్నాడు కుర్రాడు. అని తన పనిలో పడ్డాడు.

అప్పయ్య చాలాసేపు అక్కడే ఉన్నాడు. గీత మొదటి నుంచీ అక్కడే ఉంది. అతను రోజూ పనికి పోతూ దాని పక్కనుంచే నడిచాడు. తేలాలి, తేలాలి అని ఎదురుచూసినదంతా అతని కళ్ల ముందే గోడ మీద ఉంది. దాన్ని తన ఇంటిదాకా తీసుకుపోవడానికి కావలసిందల్లా అతని సంచిలోని పైపు, రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి.

ఇంటికి వచ్చి పైపు తీశాడు. హిడ్మాను పిలవలేదు.

"సోమీ, రావే. ఒక కొస పట్టుకోవాల."

ఆమె కొంగు దోపుకుని వెంట నడిచింది. గోదాము దగ్గర అతను ఒక కొసను ఎర్ర గీత మీద ఆనించి నిలబడ్డాడు. ఆమె రెండో కొస ఎడమచేత్తో పట్టుకుని, పైపు చాలినంత దూరం పోయి, మొదటి ఇంటి గోడకు ఆనించింది. కొంచెం పైకి, కొంచెం కిందికి, ఆ, ఆగు అన్నాడు అప్పయ్య. నీళ్లు నిలిచాయి. సుద్దముక్కతో గీత పెట్టింది. అక్కడ అది నడుము ఎత్తున పడింది.

అలా గోడ నుంచి గోడకు వీధి ఎక్కారు. నేల ఎక్కుతున్న కొద్దీ గీత గోడల మీద కిందికి దిగుతూ వచ్చింది. వాకిళ్లలో ఉన్నవాళ్లు ఏం చేస్తున్నారని అడిగారు. సోమమ్మే బదులు చెప్పింది, డూబ్ మా ఇంటికి వస్తదో రాదో చూసుకుంటున్నం అని. దుర్గేశ్ కొట్టు దగ్గర గీత మోకాలి కింద పడింది. దుర్గేశ్ బయటికొచ్చి వంగి చూశాడు. కొట్టు పక్క గోడకు సున్నం వేయించని చోట వరద నాటి బురద మరక ఇంకా ఉంది. అది సుద్ద గీతకు జానెడు పైన ఉంది.

"అంటే ఆ ఏడు వరద ఈ గీత దాటే వచ్చింది గదన్నా," అన్నాడు దుర్గేశ్. తర్వాత అప్పయ్య ముఖం చూసి కొట్లోకి పోయాడు.

దాటి వచ్చిన వరద కూడా వాళ్ల గడప తడపలేదు. ఇంక పట్టి చూడాల్సిన పనే లేదు. అయినా అప్పయ్య పైపు చుట్టలేదు. ఇంకో రెండు ఇళ్లు ఎక్కారు. ఒకచోట గీత చీలమండ దగ్గర పడింది. ఆ పై ఇంటి దగ్గర సోమమ్మ పైపు కొసను గోడకు ఆనించి కిందికి జరిపింది, ఇంకా కిందికి జరిపింది. కొస నేలకు తగిలింది. అయినా ఆ కొసలోకి నీళ్లు రాలేదు, కింద అప్పయ్య పట్టుకున్న కొసలోంచి పొర్లి మట్టిలో పడ్డాయి. సోమమ్మ ఉన్న చోట గీత మట్టి కిందికి పోయింది. వాళ్ల ఇల్లు ఇంకా మూడిళ్ల అవతల, ఇంకా మెరక మీద ఉంది.

సోమమ్మ చెయ్యి దులుపుకుని నిలబడింది. అప్పయ్య ఆ తడిసిన మట్టి వంకే చూస్తూ కూర్చుండిపోయాడు. ఎవరో కుర్చీ తెచ్చి వేస్తామన్నా లేవలేదు. పొద్దు ఇంకా చాలా ఉంది. గోదాము దగ్గర నుంచి అక్కడి దాకా రావడానికి ఒక పూట కూడా పట్టలేదు.

ఇంటికొచ్చాక సోమమ్మ గచ్చు లేని ఆ ముందు గదిలో కాసేపు తిరిగింది. తర్వాత అన్నం పెట్టింది. అతను తినలేకపోయాడు.

నెల తిరగకుండా అప్పయ్య స్లాబుకు సిద్ధం చేశాడు. తుప్పు పట్టిన చువ్వలు కోయించి కొత్తవి కలిపించాడు. స్లాబు పోసే రోజు నవీన సెలవు పెట్టి వచ్చింది. హిడ్మా మనుషులతో పొద్దున్నే దిగాడు. స్లాబు రోజు కూలీలకు భోజనం ఇంటివాళ్లే పెట్టడం రివాజు. సోమమ్మ ఆ చేత్తో అంతమందికి వండలేదు గనక బస్టాండు మెస్సు నుంచి తెప్పించారు. అందరికీ విస్తళ్లు వేశాక ఆమె పప్పు గిన్నె మూత తీసి, వేలితో నాలిక మీద రాసుకుంది.

"చింతపండు ముందే ఏసిండ్రు. పప్పు ఉడకలే," అంది నవీనతో.

తింటారులే అమ్మా, అంది నవీన. కూలీలు తిన్నారు. అప్పయ్య ఆ మాట విని విస్తరి ముందు నుంచి లేచిపోయి, మిక్సరు దగ్గర పని ఉన్నట్టు నిలబడ్డాడు.

గచ్చు చేశాక వీధి వైపు గదిని అద్దెకు అడగడానికి ఒక కుర్రాడు వచ్చాడు. ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకుంటానన్నాడు. అప్పయ్య ఏదో చెప్పి పంపించేద్దామని చూశాడు. సోమమ్మే లోపలి నుంచి వచ్చి, ఖాళీగ ఎందుకు, ఇయ్యి అంది. ఆ కుర్రాడు గోడకు గాజు బీరువా బిగించి, రెండు బల్బులు పెట్టుకున్నాడు. గది బాగానే కనపడుతుంది.

స్లాబు పోసిన కొత్తలో, ఆ కుర్రాడు ఇంకా రాకముందు, అది గట్టిపడడానికి అప్పయ్య పొద్దున్నే పైకెక్కి నీళ్లు కట్టేవాడు. ఒకరోజు సోమమ్మ కూడా మెల్లగా ఎక్కింది. మెట్లకు ఇంకా పిట్టగోడ లేదు. అతను చెయ్యి అందించాడు. పైనుంచి గోదాము రేకులు, దాని వెనక శబరి కనపడుతున్నాయి. అతను చాలా రోజులుగా గొంతులో పెట్టుకున్న మాట అప్పుడు అన్నాడు.

"నా వల్లనే పోయింది సోమీ. నువ్వు అడిగిన పొద్దే పట్టి చూస్తే అయిపోతుండె."

సోమమ్మ వంకర మణికట్టును ఇంకో చేత్తో రుద్దుకుంటూ నది వైపు చూసింది.

"నేను సుత ఒక్కసారే అడిగిన గదా," అంది. "మళ్ల అడగకపోతి."

అప్పయ్య గొట్టం తీసుకుని, నీళ్లు అందని మూలకు పట్టాడు. ఆమె దిగి పోకుండా అక్కడే కూర్చుంది.